సహజ మూలకాలు క్షేమం, కృత్రిమ మూలకాలు ప్రమాదమా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ప్రయోగశాలల్లో తయారుచేసే కృత్రిమ మూలకాల మీద పరిశోధన చేస్తానంటోంది. రేడియేషన్‌తో పని, ఆడపిల్లకు ఎందుకని నా భయం. మన తీరంలో దొరికే రేర్ ఎర్త్స్ వంటి సహజ మూలకాల కోర్సుకు మంచి గిరాకీ ఉందని ఒక కన్సల్టెంట్ చెప్పారు. ఏది మేలు?
– ఒక తండ్రి, గార, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఇలాంటి ప్రశ్న ఏటా ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. మీరు అడిగింది కోర్సు గురించి. మీ బెంగ మాత్రం అమ్మాయి ఆరోగ్యం గురించి, రేపటి పెళ్లి గురించి. ముందు దాని సంగతి చూద్దాం.

ప్రకృతిలో దొరికేదంతా క్షేమం కాదు. రేడియేషన్ వెదజల్లే యురేనియం, థోరియం, రేడాన్ సహజ మూలకాలే. కళింగపట్నం ఒడ్డున తడి ఇసుకలో నల్లటి చారలు మీరు చూసే ఉంటారు. అందులో ఎక్కువగా ఉండేది ఇల్మనైట్ అనే ఖనిజం, దానితోపాటు కొద్దిగా మోనజైట్ అనే మరో ఖనిజం. మీ కన్సల్టెంట్ చెప్పిన రేర్ ఎర్త్స్ ఆ మోనజైట్‌లోనే ఉంటాయి, థోరియమూ అందులోనే ఉంటుంది. అంటే క్షేమమని మీరు ఎంచుకున్న దారిలోనూ రేడియేషన్ ఉంది. ఇక 1937లో గుర్తించిన టెక్నీషియం మనిషి తయారుచేసిన తొలి మూలకం. దాని ఒక రూపం ఆరు గంటలకే సగానికి తగ్గిపోతుంది కాబట్టి, గుండె, ఎముకల స్కాన్ల కోసం ఆస్పత్రుల్లో రోగి నరంలోకే ఎక్కిస్తారు.

రేడియేషన్ ఉన్నచోట పనిచేసేవారు ఛాతీ మీద చిన్న బ్యాడ్జి పెట్టుకుంటారు. ఒంటికి సోకిన మోతాదును అది పట్టి ఉంచుతుంది. మూడు నెలలకోసారి దాన్ని పంపి లెక్క చూస్తారు. మన దేశంలో పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి సోకే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం), గర్భిణులకు నిబంధన మరింత కఠినం. ఇంత కాపలా ఉన్న పనికి భయపడి కూతురి చదువు ఆపుతారా? కొడుకైతే ఈ ఉత్తరం రాసేవారా? కోపం తెచ్చుకోకుండా ఆలోచించండి.

రేర్ ఎర్త్స్ మోజు మీద నాకు చాలా అనుమానాలున్నాయి. ఖనిజానికి గిరాకీ ఉంటే ఆ పేరున్న డిగ్రీకీ గిరాకీ ఉంటుందని ఎవరు చెప్పారు? మనకు దగ్గర్లో ఇసుక నుంచి ఈ ఖనిజాలు తీసే పని పెద్ద ఎత్తున చేసేది ఒడిశా ఛత్రపూర్‌లోని ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్. అక్కడ కావలసింది కెమికల్, మైనింగ్, మెకానికల్ ఇంజినీర్లు, గట్టి కెమిస్టులు. పేరు కొత్తగా ఉన్న కోర్సులో చేరి, నాలుగేళ్ల తర్వాత ఆ మోజు తగ్గితే పిల్ల చేతిలో మిగిలేది ఏమిటి?

అమ్మాయికీ ఒక మాట. 118వ మూలకం ఓగనెస్సాన్ కోసం రష్యాలోని దుబ్నాలో కాల్షియం పరమాణువులను కాలిఫోర్నియం మీద ఢీకొట్టించారు. కాల్షియం సహజం, కాలిఫోర్నియం కృత్రిమం. ఆ పని చేయాలంటే రెండింటి రసాయనమూ తెలియాలి. ఇలాంటి ప్రయోగశాలలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. కాబట్టి దాన్నే ఏకైక లక్ష్యంగా పెట్టుకోవద్దమ్మా. ఫిజిక్స్, కెమిస్ట్రీ పునాది గట్టిగా పడితే ఆస్పత్రి మందుల నుంచి అణు ఇంధనం దాకా దారులున్నాయి. ఎమ్మెస్సీ తర్వాత బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) శిక్షణ పాఠశాలకూ ప్రయత్నించవచ్చు.

సైన్స్ చదువుకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థలు బరంపురం ఐసర్, భువనేశ్వర్ దగ్గరి నైసర్ రెండూ మీకు రైలు దూరమే. ఈ ఏడాది రెండు ప్రవేశ పరీక్షలూ రాయనివ్వండి. సీటు రాకపోతే మంచి డిగ్రీ కాలేజీలో బీఎస్సీ చేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పీజీకి ప్రయత్నించినా ఆమె వెనకబడిపోదు. కన్సల్టెంట్‌కు డబ్బు ఇంకా కట్టకపోతే, కట్టకండి.