మోకాలి నొప్పికి ఆకు కషాయం మోతాదు పెంచవచ్చా?

ప్రశ్న: నా వయసు 56. ఏడాదిగా మోకాలి నొప్పి. ఒక మొక్క ఆకుల సారంతో ఎలుకల్లో నొప్పి తగ్గిందని చదివి, నాలుగు నెలలుగా ఆ ఆకుల కషాయం తాగుతున్నాను. తెలిసినవాళ్లిచ్చిన మూలికా మాత్ర వేసుకుంటే అరగంటలో హాయిగా ఉంటోంది. గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వాడతాను. వారంగా మలం నల్లగా వస్తోంది, కషాయం రంగేమో. మోతాదు ఎంత పెంచుకోవచ్చు?

జవాబు: మోతాదు సంగతి అలా ఉంచండి. మలం తారులా నల్లగా, జిగటగా వస్తుంటే కడుపులో రక్తస్రావమేమోనని మేం ముందు అనుమానిస్తాం. ఐరన్ మాత్రలతోనూ నల్లబడుతుంది కాబట్టి చూడకుండా తేల్చలేను. కానీ ఈ రోజే ఆస్పత్రికి వెళ్లండి. కళ్లు తిరిగినా, వాంతిలో రక్తం పడినా నేరుగా ఎమర్జెన్సీకే.

నాకు ఎక్కువ టెన్షన్ ఆ మాత్రతోనే. మూలికల పేరుతో అమ్మిన మాత్రల్లో డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, స్టెరాయిడ్లు బయటపడిన సందర్భాలు చాలానే ఉన్నాయి. ఆస్పిరిన్‌కు డైక్లోఫెనాక్ తోడైతే కడుపులో పుండు పడి రక్తం కారే ముప్పు బాగా పెరుగుతుంది. ఒకవేళ అందులో ఉన్నది స్టెరాయిడ్ అయితే, నెలలుగా వాడి ఉంటే ఒక్కసారిగా మానడమూ ప్రమాదమే. అందుకే డాక్టర్‌కు ఏదీ దాచకండి. ఆస్పిరిన్ కూడా మీ అంతట మీరు ఆపొద్దు. కషాయం మాత్రం ఆపేయండి.

మీరు చదివిన పరిశోధన తప్పనను. ఎలుకను సుమారు 55 డిగ్రీల వేడి పలక మీద ఉంచి, ఎన్ని సెకన్లకు పాదం నాక్కుంటుందో లెక్కిస్తారు. సారం ఇచ్చాక ఆ సమయం పెరిగితే నొప్పి తగ్గినట్టు. మత్తుగా ఉన్న ఎలుకా ఆలస్యంగానే నాక్కుంటుంది, అందుకే ఇంకో రెండు మూడు పరీక్షలు చేస్తారు. ఆ సారాన్ని తరచూ మిథనాల్‌తో తీసి, ఆరబెట్టి, కిలో బరువుకు ఇన్ని మిల్లీగ్రాములని తూచి ఇస్తారు. మీరు నీళ్లలో మరిగించినది అది కాదు. (మిథనాల్ విషం, ఇంట్లో ఆ ప్రయోగం వద్దు.) విల్లో చెట్టు బెరడు నుంచి 1828లో సాలిసిన్ అనే నొప్పి తగ్గించే పదార్థం తీశారు, ఆ దారిలోనే ఆస్పిరిన్ తయారైంది 1897లో. దాదాపు 70 ఏళ్లు పట్టిన పని మీరు నాలుగు నెలల్లో, అదీ మీ కడుపు మీదే చేసేశారు!

ఏడాది నొప్పికి ఒక్క ఎక్స్‌రే అయినా తీయించారా? కీలు అరుగుదలా, లేక గౌట్, రుమటాయిడ్ లాంటి కీళ్ల జబ్బా అన్నది తెలియకుండా నొప్పిని మాత్రం అణచిపెట్టారు. రక్తస్రావం సంగతి తేలాక ఎముకల డాక్టర్‌ను కలవండి. ఇప్పుడు వెళ్లేటప్పుడు ఆ మాత్రల ప్యాకెట్, నాలుగు ఆకులు వెంట తీసుకెళ్లండి.