మామయ్యగారిని పిట్టలకు దూరం చేయకండి

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. పాత ఇల్లు, వెనక చిన్న పెరడు ఉంది. రెండేళ్ల కిందట అత్తయ్యగారు పోయారు. అప్పటి నుంచి మామయ్యగారికి పిట్టలే లోకం. తెల్లారగానే డాబా మీద జొన్నలు, రాత్రి మిగిలిన అన్నం కుప్పగా పోస్తారు. పావురాలు గుంపులుగా దిగుతున్నాయి. ఆరేసిన బట్టల మీద రెట్టలు, మూలల్లో ఎలుకలు. మా బాబుకు ఎనిమిదేళ్లు, చలికాలంలో ఆయాసం వస్తుంది. వాడు కూడా స్కూలు టైం వరకు తాతయ్య వెంటే ఉంటాడు. ఈ మధ్య ఎవరో ఇచ్చారని రామచిలుక పిల్లను పంజరంలో పెట్టి తెచ్చారు. నేనేమైనా అంటే ఆయన సరిగా అన్నం తినరు. మావారు ‘నాన్నను ఏమీ అనకు’ అని తప్పుకుంటారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఈ అలవాటు మాన్పించే దారి చెప్పండి.
– పేరు వద్దు, గుంటూరు

జవాబు: అమ్మా, రెట్టలు కడిగేది, బట్టలు మళ్లీ ఉతికేది, రాత్రిపూట బిడ్డ ఆయాసంతో లేస్తే కూర్చునేది మీరే. విసుగు రావడంలో తప్పేమీ లేదు. కానీ ఈ అలవాటు మాన్పించమని మాత్రం నేను చెప్పలేను. పద్ధతి మార్చమంటాను.

భార్య పోయాక ఆ వయసు మగవాళ్లకు ఇంట్లో తమ కోసం ఎదురుచూసేవాళ్లు ఉన్నారన్న నమ్మకం పోతుంది. వంట మీది, సంపాదన మీవారిది, చదువు పిల్లవాడిది. ఆయనదంటూ ఏముంది? డాబా మీద గోరింకలు జంటగా వచ్చి కూర్చుంటాయి, కాకి గోడెక్కి పిలుస్తుంది. తను వెళ్లకపోతే అవి వెతుక్కుంటాయని ఆయనకు అనిపిస్తుంది. పొద్దున్నే మంచం దిగడానికి ఆయనకు అంతకంటే కారణం అక్కర్లేదు. ‘గింజలు వేయొద్దు’ అని మీరన్న మాట ఆయన చెవికి ‘మీతో పనిలేదు’ అన్నట్టు వినపడుతోంది. అన్నం మానేది అందుకే. కాకులకు ముద్ద పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఆడవాళ్లది. మీ అత్తయ్యగారు పెట్టేవారేమో ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి.

మీవాడు తాతయ్య వెంట తిరగడం గురించి బెంగ వద్దు. తేనెపిట్ట మందార పువ్వులో ముక్కు ఎలా దూర్చుతుందో, దర్జీ పిట్ట ఆకుల అంచులు కుట్టి గూడు ఎలా కడుతుందో పక్కన ఉండి చూపించే మనిషి దొరకడం ఆ పిల్లవాడి అదృష్టం. స్కూలు టైంకి తయారవ్వాలన్న నియమం పెట్టండి, చాలు. ఆ నియమం తాతయ్య నోటితోనే చెప్పించండి.

అసలు మార్చాల్సింది పావురాల సంగతి. వాటి రెట్ట ఎండి దుమ్ముగా లేస్తుంది. అది పడనివాళ్లకు ఊపిరితిత్తులు వాస్తాయి. ఏళ్ల తరబడి పీలిస్తే అవి గట్టిపడే ప్రమాదం కూడా ఉంది. బాబుకు ఆయాసం ఉంది కాబట్టి ఇంటి మీద పావురాలు చేరుతున్న విషయం పిల్లల డాక్టరుకు తప్పకుండా చెప్పండి. రెట్టను పొడిగా ఊడ్చవద్దు. ముందు నీళ్లు చల్లి తడిపి, మూతికి గుడ్డ కట్టుకుని తీయాలి. ఆ సమయంలో బాబు అక్కడ ఉండకూడదు.

పావురాలను రప్పించేది ఆ కుప్ప. నేల మీద గింజలు పోయడం ఆపి, పెరట్లో వరి కంకుల కుచ్చులు వేలాడదీయమనండి. మన పల్లెల్లో వసారా దూలాలకు కట్టేవారు కదా, అవే. పిచ్చుక కంకిని పట్టుకుని వేలాడుతూ తినగలదు, బరువైన పావురానికి అది సాధ్యం కాదు. నూకలో కొర్రలో వేయాలనిపిస్తే గుప్పెడు చాలు. అవి తినగా మిగిలింది ఎత్తేస్తే ఎలుకలు రావు. ఉప్పు, కారం కలిసిన అన్నం పిట్టలకు మంచిది కాదు. ఇక మన గుంటూరు ఎండల్లో తిండి కంటే నీళ్లే ముఖ్యం. వెడల్పాటి మట్టి మూకుడు నీడలో, పిల్లికి అందనంత ఎత్తున పెట్టి రోజూ నీళ్లు మార్చాలి. నిలవ ఉంటే దోమలు గుడ్లు పెడతాయి. ఇదంతా మీ నోట ఆజ్ఞలా రాకూడదు. ‘మామయ్యా, బాబుకు ఆయాసం తగ్గాలంటే మీ సాయం కావాలి’ అని అడగండి. మనవడి కోసం ఆయన కాదనరు.

పెరట్లో కరివేపాకు చెట్టుకో, బట్టల తీగ పక్కనో పిగిలిపిట్ట గూడు కడితే మాత్రం కొన్నాళ్లు ఓర్చుకుని తీగ పక్కకు మార్చండి. గుడ్లు పెట్టాక నెల తిరిగేలోపే పిల్లలు ఎగిరిపోతాయి. ఆ నాలుగు వారాలూ మీరు కూడా కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్లి ఆయన పక్కన కూర్చోండి. మీ ఇంట్లో మీకు తెలియని ఆనందం ఒకటి అక్కడ ఉంది.

చిలుక విషయంలో మెత్తబడకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన రామచిలుకను ఇంట్లో పెంచడం నేరం. చట్టం పక్కన పెట్టినా, గుంపుతో ఎగరాల్సిన పక్షి అది. పాతికేళ్ల దాకా బతకగలదు. అన్నేళ్లూ పంజరంలో ఉంచడం ఆయన మనసుకే ఇష్టం ఉండదు, ఆలోచించే తీరిక లేక తెచ్చి ఉంటారు. అలాగని డాబా మీద వదిలేయకండి. చేతి తిండికి అలవాటైన పిల్ల కాకులకో పిల్లులకో దొరికిపోతుంది. అటవీ శాఖ వాళ్లకు అప్పగిస్తే అవసరమైన సంరక్షణ వాళ్లు చూస్తారు.

ఈ పని మీవారిది. ‘ఏమీ అనకు’ అని మిమ్మల్ని ఆపితే సరిపోదు, తండ్రితో కూర్చుని తనే మాట్లాడాలి. ఒక పూట సెలవు పెట్టి, తండ్రినీ కొడుకునూ వెంటబెట్టుకుని చిలుకను అప్పగించి రమ్మనండి. చలికాలంలో ఒక ఆదివారం అందరూ కలిసి ఉప్పలపాడు వెళ్లండి. గుంటూరుకు దగ్గరే. అక్కడి చెరువు చెట్ల మీద పెలికాన్లు, కొంగలు గూళ్లు కడతాయి, ఊరివాళ్లే వాటిని కాపాడుకుంటున్నారు. ఏ పిట్ట ఏదో మామయ్యగారినే చెప్పమనండి, మీరు ముగ్గురూ వినండి.