మతపరమైన ఆచారాన్ని యునెస్కో జాబితాకు ప్రభుత్వమే ఎందుకు ప్రతిపాదించాలి?

ఈ జాబితాకు ఆధారమైన 2003 నాటి అమూర్త సాంస్కృతిక వారసత్వ (ఆచారాలు, కళలు, ఉత్సవాల వంటివాటి) ఒప్పందం దేశాల మధ్య కుదిరింది కాబట్టి, అందులో చేరిన ప్రభుత్వాలే ప్రతిపాదన పంపగలవు. మఠమో చర్చో నేరుగా పంపే వీలు లేదు. అయితే ఆ ఆచారాన్ని పాటించేవారు ముందుగా, స్వేచ్ఛగా సమ్మతి తెలపాలి. అసలు కీలకం అదే. బెల్జియంలోని బ్రూజ్ నగరంలో జరిగే పవిత్ర రక్త ఊరేగింపు 2009లో ఇలాగే జాబితాకెక్కింది. గుర్తింపు దక్కింది ఊరేగింపుకే సుమా. అందులో తీసుకెళ్లే రక్తం నిజంగా క్రీస్తుదేనా అన్న విషయం జోలికి యునెస్కో పోదు. జాబితాలో చేరితే పూజావిధానం సర్కారు చేతికి వెళ్తుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఆచారాన్ని నమోదు చేయడం, తర్వాతి తరానికి అందేలా తోడ్పడటం, కొన్నేళ్లకోసారి నివేదిక ఇవ్వడం వంటివే ఒప్పందం ప్రభుత్వానికి అప్పగించిన పనులు.