గేరు హబ్ కొనే ముందు కొలత తీసుకో

కావలి నుంచి ఈ మధ్యనే ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ వచ్చిన ఒక విద్యార్థి అడిగాడు: "అన్నా, పాత సింగిల్ స్పీడ్ సైకిల్ కొన్నాను. కాలేజీ దారంతా ఎత్తు. గేర్లు పెట్టించుకోవచ్చా?"

పెట్టించుకోవచ్చు తమ్ముడూ. ఒంగోలు నుంచి కొత్తపట్నానికి సముద్రపు గాలికి ఎదురు తొక్కినవాణ్ణి, నీ అవస్థ నాకు తెలుసు. వానలు పడే ఈ ఊళ్ళో బయట వేలాడే గేర్ల కన్నా వెనక చక్రం నడిమి డబ్బా, అంటే హబ్, లోపలి గేర్లే మేలు. బురద అంటదు, సిగ్నల్ దగ్గర ఆగి ఉండగానే మార్చుకోవచ్చు. అలాంటి హబ్‌లు చేసే స్టర్మీ ఆర్చర్ కంపెనీ 1902లో ఈ ఊళ్ళోనే మొదలైంది. 2000లో ఆ పేరు తైవాన్ కంపెనీ చేతికి వెళ్ళింది.

నీకు మూడు గేర్లు చాలు. రెండోది ఇప్పుడు నువ్వు తొక్కుతున్నదే. ఒకటోది నాలుగో వంతు తేలిక, మూడోది మూడో వంతు ఎక్కువ వేగం. అదీ బరువనిపిస్తే వెనక 18 పళ్ళకు బదులు 22 పళ్ళ చక్రం వేయించు.

డబ్బు కట్టే ముందు మాత్రం వెనక చక్రం ఊడదీసి, యాక్సిల్ (ఇరుసు) కూర్చునే రెండు ఫ్రేము చీలికల మధ్య ఖాళీ కొలువు, హబ్ అందులో పట్టాలి. పాత సైకిళ్ళలో అది 110 నుంచి 120 మిల్లీమీటర్లు ఉంటుంది, కొత్తవాటిలో 135 దాకా. చాలకపోతే ఉక్కు ఫ్రేమును నిపుణుడు కాస్త సాగదీయగలడు. అల్యూమినియం జోలికి పోవద్దు, విరుగుతుంది. రిమ్ముకు చువ్వలు దూరే రంధ్రాలూ లెక్కపెట్టు: పాత బ్రిటిష్ సైకిళ్ళకు వెనక 40 ఉండేవి, ఇప్పటి హబ్‌లు ఎక్కువగా 36వి. పైగా ఈ హబ్ లావు కాబట్టి పాత చువ్వలు పొడుగైపోతాయి. అందుకే హబ్‌తో సహా కట్టి ఉన్న చక్రం కొనడమే నా సలహా.

యాక్సిల్ తిరగకుండా పట్టే పంటి వాషర్లను చిన్నవని పక్కన పెట్టకు. హబ్ లోపలి నడిమి పళ్ళచక్రం యాక్సిల్‌కే అంటుకుని ఉంటుంది, మిగతావి దాని చుట్టూ తిరుగుతాయి. యాక్సిలే తిరిగితే నట్లు వదులై గేరు పట్టు తప్పుతుంది.

ఇక గేరు మార్చే తీగ. నా పాత హబ్‌కు తీగ వదులుగా కట్టాను. ఎత్తు మీద లేచి నిలబడి తొక్కుతుంటే రెండో గేరు జారి పెడల్ గిర్రున తిరిగింది, మోకాలు హ్యాండిల్‌కు కొట్టుకుంది. పాతవాటిలో రెండుకూ మూడుకూ మధ్య ఏ గేరూ పట్టని చోటు ఒకటుంటుంది. రెండో గేరులో పెట్టి, కుడి నట్టు రంధ్రంలోంచి చూడు: తీగకు తగిలించే చిన్న గొలుసు తాలూకు కడ్డీ అంచు యాక్సిల్ చివరతో సమానంగా ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా సరిచేశాకే రోడ్డెక్కు.

వెనక్కి తొక్కితే పడే బ్రేకు నీ సైకిలుకు ఉంటే, కొత్త హబ్‌లో అది ఉందో లేదో అడుగు. లేకపోతే వెనక చేతి బ్రేకు వేయించు. వారం తొక్కాక నట్లు, తీగ మళ్ళీ చూసుకో. కొత్త తీగ సాగుతుంది.