మిల్లుకు సాఫ్ట్‌వేర్ కొనే ముందు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

మిర్యాలగూడ రైస్ మిల్లుల కాంటా, గోదాము, బాకీల లెక్కలన్నీ ఒక్క సాఫ్ట్‌వేర్ల కలపాలనుకుంటున్నవని రాసినవు. పెట్టు, మంచిదే. కాకపోతే అది ఏ అంకెను మార్చాల్నో ముందుగాల కాగితం మీద రాసుకో, ఇయ్యాల ఆ అంకె ఎంతుందో కూడ రాయి. లేకుంటే లాభం పెరిగిందా లేదా అన్నది ఎన్నటికీ తేలదు. కంప్యూటర్లు అంతటా ఉన్నయి గాని ఉత్పాదకత లెక్కల్లనే కనిపిస్తలేవని ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1987లనే అన్నడు.

అందరికంటె ముందు బాకీలు చూడు. ఏటా 12 కోట్ల అమ్మకం అనుకుంటే రోజుకు సుమారు 3.29 లక్షలు. వసూలు గడువు 45 రోజుల నుంచి 35కు దిగితే దాదాపు 33 లక్షలు చేతికొస్తయి. బ్యాంకు వడ్డీ 11 శాతం పట్టినా ఏటా 3.6 లక్షలు మిగులుతది. అయితే పొద్దుగాల గడువు దాటినోళ్ల పట్టీ తీసి ఫోన్ చేసే మనిషి ఉండాలె. పైసలు కట్టనోళ్లకు లోడు ఆపే అధికారం అతనికి నువ్వే ఇయ్యాలె. ఇది చెయ్యకుంటే పట్టీ ఉత్త కాగితమే.

రెండోది లాట్ల లెక్క. ఒక్కో లాట్‌కు, అంటే ఒక్కపారి కలిపి ఆడించే వడ్లకు, వడ్ల తూకం, తేమ, వచ్చిన బియ్యం, నూక, తవుడు అదే రోజు ఎక్కియ్యాలె. వంద క్వింటాళ్ల వడ్లకు 67 క్వింటాళ్ల బియ్యం రావాల్సింది 65 వస్తే, వడ్లు మరీ ఎండినయా, పొట్టు తీసే రబ్బరు రోల్ అరిగిందా, పాలిష్ ఎక్కువైందా అని సాయంత్రమే చూడొచ్చు. నెలాఖరుకు తెలిస్తే కారణం దొరకదు. తూకం అంకెను చేత్తో టైపు చెయ్యనియ్యకు, అంకె చూపే కాంటా పెట్టె నుంచి సీరియల్ కేబుల్ తోటి నేరుగ కంప్యూటర్‌కు రావాలె. పాత నోటుబుక్కు ఒక్క నెల పక్కన నడిపి మూసెయ్యి. రెండూ సాగితే గుమాస్తా నోటుబుక్కునే నమ్ముతడు.

ధర 4 లక్షలంటే 18 శాతం జీఎస్టీ తోటి 4.72 లక్షలు. విడి బియ్యం, 25 కిలోలు దాటిన సంచుల మీద పన్ను లేదు గనక ఆ అమ్మకాల వాటాకు ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మనం కట్టే పన్నుల తగ్గించుకునుడు, రాదు, అది నీ ఖర్చే. ఏటేటా కట్టే నిర్వహణ రుసుము మూడేండ్లకు కలిపి చూడు.

యాసంగి వడ్లు అయిపోయినంక జూలైల మొదలుపెట్టు, వానాకాలం పంట రాకముందే చేతులు అలవాటైతయి. ఆదాయపు పన్నుల కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్ మీద తరుగుదల, అంటే వాటి విలువ తగ్గినందుకు ఏటా ఖర్చు కింద రాసుకునేది, 40 శాతం, కాని ఆ ఏడాది 180 రోజులకు తక్కువ వాడితే అందుల సగమే. మొదటి ఏడాది లాభం తగ్గినట్టు కనపడితే బెదరకు, రెండో ఏడాది బాకీ రోజులు, బియ్యం దిగుబడి రెండూ చూసి తీర్పు చెప్పు.

సంతకం పెట్టే ముందు, మన లెక్కలన్నీ ఎప్పుడంటె అప్పుడు ఎక్సెల్‌ల తీసుకునే హక్కు ఒప్పందంల రాయించుకో.