కొత్త షెడ్డు పెడుతున్న అమ్మాయికి

చిత్తూరు.

చిరంజీవి అమ్మాయికి పెద్దనాయన ఆశీస్సులు.

శ్రీసిటీలో ఉద్యోగం మానేసి, రేణిగుంట రోడ్డులో షెడ్డు అద్దెకు తీసుకుని, పాత లేతు (ముక్కను తిప్పుతూ చెక్కే మిషను) ఒకటి, పిల్లర్ డ్రిల్లింగ్ మిషను ఒకటి, బ్యాంకు అప్పుతో వీఎంసీ (కంప్యూటరుతో నడిచే కోత మిషను) ఒకటి పెట్టబోతున్నావని మీ నాయన నిన్న రాత్రి ఫోనులో చెప్పాడు. ఆ తరువాత నాకు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా వెనుక ఇనుము ముట్టుకున్నది నువ్వొక్కదానివే అన్న సంతోషం కొంత, అప్పు మాట విన్న దిగులు కొంత. మిగిలినదంతా నలభై ఏళ్లు రంధ్రాలు వేసినవాడికి ఉండే భయం. అప్పు సంగతి మీ నాయన చూసుకుంటాడు. నేను లోతు గురించే రాస్తాను. పొడవో వెడల్పో తప్పితే ఎదురుగా కనబడుతుంది కానీ, అడుగు మూసి ఉన్న రంధ్రంలో లోతు తప్పితే అది లోపలే దాగి ఉండి, మనం మరిచిపోయిన తరువాత బయటపడుతుంది.

నీకు తెలిసినవి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. పనిని చేత్తో పట్టుకోకుండా వైసులో బిగించు, బిట్టును పట్టే చక్కు తాళాన్ని చక్కులో వదలకు, తిరిగే డ్రిల్లు దగ్గర చేతులకు గ్లౌజులు వేసుకోకు, కళ్లద్దాలు తీయకు. జడ ముడివేసి టోపీ లోపల పెట్టుకో. ఈ ఒక్క విషయం నాచేత రెండోసారి చెప్పించుకోవద్దు.

డ్రాయింగులో రంధ్రం లోతు 25 అని ఉంటే, వేరే మాట ఏదీ రాయనంతవరకు, అది పూర్తి వ్యాసం ఉన్నంత మేరకు లోతు. బిట్టు మొన దానికి కిందకు ఇంకా దిగుతుంది. 118 డిగ్రీల మొన అయితే వ్యాసంలో సుమారు 0.3 వంతు, అంటే 10 మిల్లీమీటర్ల బిట్టుకు 3 మిల్లీమీటర్లు, 20 మిల్లీమీటర్ల బిట్టుకు 6 మిల్లీమీటర్లు. 135 డిగ్రీల మొన అయితే 0.2 వంతు. అడుగున గోడ పలచగా ఉన్నచోట ఆ మూడు మిల్లీమీటర్లే కొంప ముంచుతాయి. కొలిచేటప్పుడూ ఇదే మోసం జరుగుతుంది: వెర్నియరు కొలబద్ద తోక సన్నగా ఉంటుంది కనుక నేరుగా మొన చేసిన గుంటలోకి దిగి, ఉన్నదానికంటే ఎక్కువ లోతు చూపిస్తుంది. రంధ్రంలో సరిగ్గా పట్టే, కొస చదునుగా ఉన్న పిన్నును లోపలికి వేసి, పైకి మిగిలిన భాగాన్ని కొలిచి, పిన్ను పొడవులోంచి తీసివేస్తే నిజమైన లోతు తెలుస్తుంది. ట్యాపు (రంధ్రం లోపల మర కోసే పనిముట్టు) కొట్టవలసిన రంధ్రమైతే మర లోతుకంటే కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువే వేయాలి, ఎందుకంటే ట్యాపు మొదటి పళ్లు పూర్తి మర కోయవు, పైగా రజనుకు కొంచెం చోటు కావాలి. ఎంత ఎక్కువ అనేది అడుగున ఏముందన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఏ పని వచ్చినా ముందు నేను అడిగేది ఒకటే: ఈ రంధ్రం కింద ఏముంది?

ఈ ప్రశ్న నాకు పుట్టుకతో రాలేదు. 1983లో, నాకు ఇరవై ఒకటో ఏట, ఇంజన్లు బాగుచేసే ఒక చిన్న షాపులో పనిచేసేవాణ్ణి. పుత్తూరు వైపు నుంచి ఒక రైతు తన బావి మీది 5 హార్స్ పవర్ డీజిల్ ఇంజను బ్లాకు తెచ్చాడు. పొగ గొట్టం బిగించే స్టడ్ల (తల లేని బోల్టుల) మరలు అరిగిపోయాయి; ఎం10 (10 మిల్లీమీటర్ల మర) రంధ్రాలను పెద్దవి చేసి ఎం12 ట్యాపు కొట్టాలి. 10.2 బిట్టుతో 24 మిల్లీమీటర్లు దాటకుండా వేయమనీ, 30 దగ్గర నీటి జాకెట్టు, అంటే ఇంజనును చల్లబరిచే నీళ్ల గది ఉందనీ యజమాని చెప్పి, సుద్దతో బ్లాకు మీద రాసి మరీ వెళ్లారు. ఉన్న బిట్టు ఎన్నోసార్లు సానపట్టి సానపట్టి పొట్టిదైపోయింది. దాని మొనను బ్లాకుకు ఆనించి, బిట్టు అనుకున్న లోతు దాటకుండా ఆపే మిషను స్టాపు సెట్ చేసి, రెండు నట్లు బిగించి, మొదటి రంధ్రం చక్కగా వేశాను. భోజనానికి ముందే బిట్టు మొద్దుబారింది. తిరిగి వచ్చాక సానరాయి దగ్గరకు పోవడానికి బద్ధకించి, డబ్బాలోంచి కొత్త బిట్టు తీసి చక్కులో బిగించాను. స్టాపు ముట్టుకోలేదు, నట్లు బిగించే ఉన్నాయి కదా అని ధీమా.

కొత్త బిట్టు పాతదానికంటే పన్నెండు మిల్లీమీటర్లు పొడవు. మొన ముందుకంటే బ్లాకుకు దగ్గరగా వేలాడుతున్నదని కన్ను చెప్పింది కానీ నేను పట్టించుకోలేదు. పోత ఇనుము రజను ఎప్పుడూ నల్లగా, పొడిగా, వేళ్లకు అంటే గ్రాఫైటులా ఉంటుంది. ఆ రోజు కొంత లోతు పోయాక హ్యాండిలు ఒక్కసారిగా తేలికైపోయింది. బిట్టు పైకి తీస్తే దాని గాళ్లలో ఎర్రటి తుప్పుబురద, తడిగా. ఆ తడిని చూసిన క్షణంలోనే నాకంతా తెలిసిపోయింది.

అప్పుడే యజమాని దగ్గరకు పోయి చెప్పి ఉంటే, అది పెద్ద నష్టమే కాదు. ఆ రంధ్రం అడుగున మరప్లగ్గు వేసి మూయవచ్చు. నేను చెప్పలేదు. రెండు ట్యూబులు కలిపే జిగురు అడుగున నింపి, ఆరనిచ్చి, ట్యాపు కొట్టి, స్టడ్డు బిగించి, మసిగుడ్డతో తుడిచి, మిగిలిన రెండు రంధ్రాలూ పూర్తిచేసి ఇచ్చేశాను. పొగ గొట్టం దగ్గరి వేడికి ఆ జిగురు ఎన్నాళ్లు నిలుస్తుందన్న ఆలోచన కూడా రాలేదు.

ఆగస్టు నెల, వాన మొహం చాటేసిన ఏడాది. చెనక్కాయ చేలలో ఊడలు దిగే సమయంలో ఆ రైతు మళ్లీ వచ్చాడు. ఇంజను పావుగంట నడిచేసరికి స్టడ్డు పక్కనుంచి ఆవిరి చిమ్ముతోందని, నీళ్లు లేక వేడెక్కి ఆగిపోతోందని చెప్పాడు. ఎవరి మీదా నింద వేయలేదు. యజమాని నా ముఖం చూశారు, అంతే. ఒక్క మాట కూడా తిట్టకుండా, స్పానర్ల సంచి నా చేతికిచ్చి ఆ రైతు వెంట వెళ్లి బ్లాకు విప్పి తెమ్మన్నారు. సాయంత్రం చేరేసరికి చేనంతా ఆకులు ముడుచుకుని తల వాల్చి ఉంది. ఆ ఇంటి ముసలమ్మ నాకు సంగటి పెట్టింది, నేను తినలేకపోయాను. మరునాడు బస్సు మీద బ్లాకు వేసుకుని వచ్చి, జిగురంతా గీకి, ప్లగ్గు కొట్టి, రాత్రికి రాత్రి తిరిగి తీసుకుపోయి బిగించాను. చేను సగమే తేరుకుంది. నేను ఇన్నేళ్లుగా ఈ విషయం మీ నాయనకు కూడా చెప్పలేదు.

అందుకే నీ వీఎంసీ మాట వినగానే నాకు ఆ బిట్టే గుర్తొచ్చింది. టూల్ లెంగ్త్ ఆఫ్‌సెట్ (బిట్టు పొడవు ఎంతో మిషనుకు చెప్పేది) అంటే ఆనాటి నా స్టాపే, ఇప్పుడది స్క్రీను మీద అంకె అయింది. బిట్టు మార్చినా, చక్కులోనో కొలెట్‌లోనో జారినా, మొన సానపట్టినా ఆ అంకె పాతబడినట్టే, మళ్లీ కొలవాలి. టూల్ నంబరుకూ, ఆ పొడవు రాసిపెట్టిన హెచ్ నంబరుకూ పొంతన చూసుకోకుండా స్టార్టు బటన్ మీద వేలు పెట్టవద్దు. కొన్ని మిషన్ల కంట్రోళ్లలో దశాంశ చుక్క పెట్టకుండా 10 అని కొడితే అది 10 మైక్రాన్లుగా, అంటే 0.01 మిల్లీమీటరుగా తీసుకుంటుంది. మరో కంట్రోలు ఇంకోలా పట్టుకోవచ్చు కనుక చుక్క మరవకు. మొదటి పీసుకు జడ్ సున్నాను (ఎత్తు లెక్క మొదలయ్యే చోటును) 100 మిల్లీమీటర్లు పైకి జరిపి గాలిలో నడిపించి, తరువాత ఒక్కో ఆదేశం దగ్గర ఆగే సింగిల్ బ్లాకులో, చేయి వేగం తగ్గించే ఫీడు నాబ్ మీద ఉంచి దించు. ఫ్యాక్టరీలో ఇదంతా ఎవరో సెట్టర్ చేసి ఇచ్చేవాడేమో, ఇక్కడ సెట్టరూ నువ్వే.

బిట్టుకు టేపు చుట్టి గుర్తు పెట్టుకునే అలవాటు కొందరికి ఉంది. అది రజను తగిలి మెల్లగా పైకి జారుతుంది, లోతు పెరుగుతున్నా మనకు తెలియదు. స్క్రూ ఉన్న కాలరు వేసుకో.

పాత లేతు తెచ్చుకుంటున్నావు కనుక ఒక సంగతి. టూలును అడ్డంగా జరిపే క్రాస్ స్లయిడ్ డయల్ మీద 0.1 తిప్పితే కొన్ని లేతుల్లో వ్యాసం 0.2 తగ్గుతుంది, కొన్నింటిలో 0.1 మాత్రమే, మొదటి రోజే ఒక ముక్క మీద కట్టు (కోత) ఇచ్చి కొలిచి తేల్చుకో. మరలో ప్లే (వదులు) ఎలాగూ ఉంటుంది. గీత దాటిపోతే అక్కడికక్కడే వెనక్కి తిప్పి ఆపకుండా, అర చుట్టు పూర్తిగా వెనక్కి వచ్చి మళ్లీ ముందుకే తిప్పుతూ చేరుకో. చివరి కట్టుకు మరీ కొంచెం మిగల్చకు. మొన గుండ్రం 0.8 ఉన్న ఇన్సర్టుకు (టూలు కొసన బిగించే కోత ముక్కకు) 0.05 ఇస్తే అది కోయదు, రుద్దుతుంది, ఆ తరువాత కొలత నీ మాట వినదు. పిరికితనంతో తక్కువ మిగల్చడం నీ వయసులో నాకూ ఉండేది.

ఇంకొకటి, మన ఎండ. అల్యూమినియం 100 మిల్లీమీటర్లకు 30 డిగ్రీలు పెరిగితే సుమారు 0.07 మిల్లీమీటర్లు సాగుతుంది. రేకుల షెడ్డులో మే నెలలో, మిషను మీద నుంచి తీసిన వేడి పీసును కొలిచి సరిగ్గా ఉందని పంపితే, శ్రీసిటీలో పని ఇచ్చినవాళ్లు 20 డిగ్రీల ఏసీ గదిలో కొలిచి తిప్పి పంపుతారు. అప్పుడు వాళ్ల మీద కోప్పడకు. పీసును చల్లారనిచ్చి, వీలుంటే పొద్దున్నే కొలువు.

వచ్చే ఆదివారం మీ నాయన వస్తాడట, లోతు కొలిచే నా డెప్త్ మైక్రోమీటరు పంపుతున్నాను. దాని రాడ్లు మూడు; రాడ్డు మార్చిన ప్రతిసారీ సున్నా చూసుకోవాలి, అన్నిటికంటే పొట్టి రాడ్డుకు చదునైన రాతి పలక మీద, పొడవైనవాటికి ఆ పలక మీద తెలిసిన ఎత్తున్న దిమ్మలు పెట్టి. దీని అంకెలు మామూలు మైక్రోమీటరుకు తలకిందులు, బయటికి కనబడేవి కాదు, థింబుల్ (తిప్పే గొట్టం) కింద కప్పబడినవి చదవాలి. మొదటి వారం తప్పకుండా తడబడతావు. పెట్టె మూతలో నా చేతిరాతతో ఒక చిన్న కాగితం అతికించి ఉంది, దాన్ని చించవద్దు.

నీ పెద్దనాయన.