తంబురా మాత్రం ఆపనివ్వకు

చిట్టితల్లీ,

కొండాపూర్‌లో మీ ఫ్లాట్ హాల్లోనే కచేరీ పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పాడతావట, నీ స్నేహితులు శాక్సోఫోను, గిటారు, డ్రమ్స్ వాయిస్తారట. విన్న దగ్గర్నుంచి సంతోషంతో నాకు కాలు నిలవడం లేదు, టెన్షన్‌తో నిద్రా పట్టడం లేదు. ఫోన్ చేస్తే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. చివరిదాకా చదువు.

హాల్లో జంపఖానాలు పరిపించు, బాల్కనీ అద్దాలకు మందపాటి కర్టెన్లు వేయించు. ముప్పైమందికి మించి పిలవకు. డ్రమ్స్ అబ్బాయిని పుల్లలు పక్కన పెట్టి బ్రష్‌లతో వాయించమను. రాత్రి పది లోపల ముగించెయ్యి. టిఫిన్లు కచేరీ అయ్యాకే.

ఇక అసలు సంగతి. మీ అమ్మ నలుగురిలో పాడటం ఎందుకు మానేసిందో నీకు తెలుసా? నువ్వు పుట్టాక తీరిక లేక మానేశానని చెప్పి ఉంటుంది. అది నిజం కాదు.

నువ్వు పుట్టకముందు మారేడుపల్లిలో ఒక పెద్దింట్లో ఇలాంటి కచేరీయే పెట్టారు. మీ అమ్మ గాత్రం, పక్కన జాజ్ పియానో. ఆ పియానో ఆయన మంచి విద్వాంసుడే, ఆయన్ని ఏమీ అనను. కానీ కచేరీ మొదలయ్యే ముందు ఆ ఇంటి యజమాని వచ్చి, తంబురా మోత పియానోకు అడ్డం వస్తోందని ఆపించేశాడు. జరిగిన తప్పంతా అదే. మీ అమ్మ సహాన ఎత్తుకుంది. ఆ రాగం ప్రాణమంతా గాంధారంలో ఉంటుంది, ఆ గాంధారం పియానో మెట్టు మీద దొరికేది కాదు. అయినా లాక్కొచ్చింది. తర్వాత పంచమం పట్టుకుని నిలిచింది. ఆయన తన అలవాటు ప్రకారం కింద కార్డు (chord), అంటే కలిపి మోగించే స్వరాల గుత్తి, మార్చాడు. జాజ్‌లో కార్డు మారితే ఆధారస్వరమే, మన షడ్జమే, కదిలినట్టు ఉంటుంది, అప్పటిదాకా పంచమంగా ఉన్నది గాంధారంలా వినిపించింది. తంబురా ఉంటే మళ్ళీ షడ్జం అందేది. అది లేక, వెతుక్కుంటూ గొంతు కాస్త కిందికి జారింది. వెనక వరసలో ఎవరో "శ్రుతి తప్పింది" అన్నారు. మీ అమ్మకు వినిపించింది. అది శ్రుతి తప్పలేదే తల్లీ, దాని కాళ్ళ కింద నుంచి శ్రుతిని తీసేశారు! ఆటోలో ఇంటికొచ్చేదాకా పట్టుచీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తర్వాత దాన్ని సభకు తీసుకెళ్ళగలిగినవాళ్ళు లేరు.

అందుకే చెబుతున్నా, ఎవరేమన్నా తంబురా ఆగకూడదు. షడ్జం కదలని రకం జాజ్ కూడా ఉంది కదా. 1950ల చివర్లో మైల్స్ డేవిస్, జాన్ కోల్ట్రేన్ లాంటివాళ్ళు గబగబా కార్డులు మార్చడం తగ్గించి, ఒకే స్వరవరస మీద చాలాసేపు నిలిచి వాయించారు. మోడల్ జాజ్ అంటారు, నీ స్నేహితులకు తెలిసే ఉంటుంది. వాళ్ళు డోరియన్ అనే స్వరవరసవి మన ఖరహరప్రియ రాగం స్వరాలే. బ్లూస్‌లో వాళ్ళు ఎక్కువగా వాడే ఐదు స్వరాలు మన శుద్ధధన్యాసివి. ఈ రెండు రాగాలూ కలిసి వాయించండి. సహాన, తోడి పాడాలనుంటే తంబురాతో నువ్వొక్కదానివే పాడు, వాళ్ళు వింటారు.

నీది ఐదు శ్రుతి, వాళ్ళ లెక్కలో G. ఆల్టో శాక్సోఫోను అయితే ఆ అబ్బాయికి నీ షడ్జం E స్వరం అవుతుంది, ముందే చెప్పు. గిటారు అబ్బాయికి జాజ్ గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ సంగతి చెప్పు. ఆయన వీణ నేర్చుకుని, స్వరాన్ని ఊపే గమకం పలకాలని గిటారు మెట్ల మధ్య చెక్కను లోతుగా చెక్కించుకున్నాడు. నలభై ఏళ్ళు వీణ మీద తీగ లాగి కాయలు కాసిన ఈ వేళ్ళకు ఆ కష్టమేమిటో తెలుసు. ఆయన పక్కనే మన పాలకొల్లు పిల్లాడు మాండలిన్ శ్రీనివాస్ కూర్చుని వాయించాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవానికి వెళ్ళేనాటికి అతనికి పద్నాలుగేళ్ళు. వాయించింది కర్ణాటక సంగీతమే. నీ గురించి వింటే నాకు అతనే గుర్తొస్తున్నాడు.

రిహార్సల్ ఒక్కటి చాలన్నావట! ఎవరు చెప్పారే నీకు? నాలుగేసి దెబ్బల బార్లు పన్నెండు ఉండే బ్లూస్ అంటే నలభై ఎనిమిది దెబ్బలు, ఎనిమిది దెబ్బల ఆదితాళం సరిగ్గా ఆరు ఆవర్తాలు. కాగితం మీద బాగానే కుదురుతుంది. కానీ వాళ్ళు ఊగేది ప్రతి బారులో రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద. నీ చెయ్యేమో సమం దగ్గర, అంటే ఆవర్తం మొదటి దెబ్బ మీద, పడుతుంది. వాళ్ళతో కూర్చుని చేత్తో తాళం వేయించు, వాళ్ళు ఊగినట్టు నువ్వూ ఊగి చూడు. ఎత్తుగడ సమం మీదే ఉన్న కృతి ఎంచుకో. చివర వేసే ముక్తాయింపు ఎక్కడ పడుతుందో డ్రమ్స్ అబ్బాయితో లెక్క రాయించు. కనీసం నాలుగు రిహార్సళ్ళు, అదీ తంబురా పెట్టుకునే.

ఇంకొక్కటి. అమ్మను ముందు వరసలో కూర్చోబెట్టకు. నీ వెనక కూర్చుని తంబురా వెయ్యమని అడుగు. ఒప్పుకోదు. మళ్ళీ అడుగు. నేను చెప్పానని మాత్రం అనకు.

నా తంబురాకు కొత్త తీగలు వేయించాను. ఆటోలో పెడితే బుర్ర పగులుతుంది, మొదటి రిహార్సల్ రోజు పొద్దున్నే కారు పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ,
పద్మారావునగర్